సాటర్న్ (అమెరికా కార్ల బ్రాండు)

జనరల్ మోటార్స్ (జీఎం) సంస్థ అమెరికాలో 1985లో స్థాపించి, 1990 నుంచి 2009 దాకా కార్లు తయారుచేసిన బ్రాండు సాటర్న్. చంద్రుడి మీదికి మనుషుల్ని చేర్చిన సాటర్న్ రాకెట్ పేరే దీనికి పెట్టారు. ప్రధాన కర్మాగారం టెనసీ రాష్ట్రంలో నాష్‌విల్‌కు దక్షిణంగా సుమారు 50 కిలోమీటర్ల దూరాన, స్ప్రింగ్ హిల్ అనే చిన్న ఊళ్లో ఉండేది. అమెరికాలో మూతపడ్డ కార్ల బ్రాండ్లకు కొదవ లేదు. ప్యాకార్డ్, స్టూడ్‌బేకర్, ప్లిమత్, ఓల్డ్స్‌మొబీల్, పాంటియాక్ దశాబ్దాల తరబడి నడిచి, వయసు మీరాక పోయాయి. సాటర్న్ మాత్రం తొలి కారు బయటికొచ్చిన పందొమ్మిదేళ్లకే ఆగిపోయింది. అయినా కొన్నవాళ్ల మనసులో దానికి దొరికిన చోటు ఆ పాత పేర్లలో చాలావాటికి దొరకలేదు. ఆ ఆదరణ ఎలా పుట్టింది, పెంచినవాళ్ల చేతుల్లోనే ఎలా కరిగిపోయింది అన్నదే సాటర్న్ చరిత్రలో అసలు విషయం.

పుట్టుక

1970ల్లో పెట్రోలు ధరలు రెండుసార్లు భగ్గుమన్నాక అమెరికా మధ్యతరగతి చిన్న కార్ల వైపు మళ్లింది. అక్కడి కంపెనీలకు అలవాటైనవి పెద్ద కార్లు. టొయోటా, హోండా, డాట్సన్ బండ్లు తక్కువ పెట్రోలు తాగేవి, తరచుగా షెడ్డుకు వచ్చేవీ కావు. పైగా ఒక్కో చిన్న కారు మీద జపాన్ కంపెనీలకు తమకంటే దాదాపు 2,000 డాలర్లు తక్కువ ఖర్చవుతోందని 1980ల మొదట్లో డెట్రాయిట్ కంపెనీల అంచనా. 1982లో జీఎం ఇంజనీర్లు కొత్త చిన్న కారు పథకం మొదలుపెట్టారు. 1983 నవంబరులో ఛైర్మన్ రోజర్ స్మిత్ దాన్ని లోకానికి ప్రకటించారు. 1985 జనవరిలో 500 కోట్ల డాలర్ల పెట్టుబడి మాటతో సాటర్న్ కార్పొరేషన్ జీఎంకు అనుబంధంగా, సొంత పాలనతో ఏర్పడింది. ఆ ఫ్యాక్టరీ మాకంటే మాకని రాష్ట్రాలు పోటీ పడ్డాయి. కొందరు గవర్నర్లు ఒక టీవీ చర్చా కార్యక్రమంలో కూర్చుని తమ రాష్ట్రం తరఫున వాదించారు కూడా. 1985 జులైలో స్ప్రింగ్ హిల్‌ను ఎంచుకున్నారు.

కారు కంటే ముందు పని పద్ధతిని తిరిగి ఆలోచించడం సాటర్న్ ప్రత్యేకత. 1984లో జీఎం, యునైటెడ్ ఆటో వర్కర్స్ యూనియన్ కలిసి 99 మందితో ఒక బృందాన్ని వేశాయి. ఫ్యాక్టరీ కార్మికులు, యూనియన్ నాయకులు, మేనేజర్లు, ఇంజనీర్లు అందులో సమానంగా కూర్చున్నారు. దేశదేశాల కర్మాగారాలు చూసొచ్చి, పెత్తనం ఒకరిది పని ఇంకొకరిది అన్న ఏర్పాటు మారాలని తేల్చారు. యూనియన్ ఉపాధ్యక్షుడు డొనాల్డ్ ఎఫ్లిన్ చొరవతో కుదిరిన ఒప్పందం 28 పేజీలే. జీఎం మిగతా ఫ్యాక్టరీల ఒప్పందాలు లావుపాటి పుస్తకాలంత ఉండేవి. కొత్త ఒప్పందం ప్రకారం కార్మికులకు గంటల కూలి బదులు జీతం. ఆ జీతం మిగతా జీఎం కార్మికులకంటే కొంత తక్కువ, నాణ్యత, ఉత్పత్తి లక్ష్యాలు అందుకుంటే బోనసు. అయిదుగురిలో నలుగురికి లేఆఫ్ ఉండదన్న భరోసా. చిన్న చిన్న బృందాలే తమ పని పంచుకుంటాయి, కొత్త సభ్యుల్ని ఎంచుకుంటాయి. మేనేజరు ఉన్న ప్రతి చోటా అతని పక్కన యూనియన్ ప్రతినిధి. ఇక్కడికి వచ్చినవాళ్లు వేరే రాష్ట్రాల్లోని పాత ప్లాంట్లకు తిరిగి వెళ్లే హక్కు వదులుకుని, ఇల్లూ వాకిలీ అమ్ముకుని వచ్చారు. వాళ్లకది ఉద్యోగం మారడం కంటే చాలా పెద్ద సంగతి. 1991లో ఉత్పత్తి పెంచమని పైనుంచి ఒత్తిడి వచ్చి నాణ్యత దెబ్బతింటోందని అనిపించినప్పుడు, జీఎం ఛైర్మన్ రాబర్ట్ స్టెంపెల్ ప్లాంటుకు వచ్చిన సమయంలోనే కార్మికులు చేతులకు పట్టీలు కట్టుకుని పని నెమ్మది చేసి నిరసన తెలిపారు. జీతం పెంచమని ఎన్నో సమ్మెలు చూసిన పరిశ్రమలో, బండి బాగా రావాలని కార్మికులు నిరసనకు దిగడం అరుదు. సాటర్న్ మొత్తం కథలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచే ఘట్టం ఇదే.

1990 జులై 30న తొలి కారు లైను దాటింది. రోజర్ స్మిత్, యూనియన్ అధ్యక్షుడు ఓవెన్ బీబర్ అందులో కలిసి కూర్చుని బయటికి నడిపించారు. స్మిత్ పదవీ విరమణ ఆ వెంటనే జరిగింది. 1986 నుంచి సాటర్న్ బాధ్యతలు చూసిన రిచర్డ్ లెఫావ్ కంపెనీని తీర్చిదిద్దిన అధ్యక్షుడిగా పేరు తెచ్చుకున్నారు.

ఎస్ సిరీస్

మొదట వచ్చినవి ఎస్‌ఎల్ సెడాన్, ఎస్‌సీ కూపే. తర్వాత ఎస్‌డబ్ల్యూ వ్యాగన్ చేరింది. అన్నిటికీ 1.9 లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజనే. ప్రాథమిక రకం 85 అశ్వశక్తి, పదహారు వాల్వుల రకం సుమారు 124. సెడాన్ మొదటి ధర 7,995 డాలర్లు. ఉక్కు చట్రానికి బోల్టులతో బిగించిన ప్లాస్టిక్ పలకలు దీని ప్రధాన విశేషం. డోర్లు, ఫెండర్లు, బంపర్లు ప్లాస్టిక్‌వి. బానెట్, టాపు, డిక్కీ మూత మాత్రం ఉక్కువి. పార్కింగులో పక్కవాడి డోరు తగిలినా, షాపింగు బండి వచ్చి గుద్దినా చొట్ట పడదు. షోరూముల్లో ఆ డోరును కాలితో తన్ని చూపించేవారు. చలికాలంలో రోడ్ల మీద ఉప్పు చల్లే ఉత్తరాది రాష్ట్రాల్లో తుప్పు పట్టని పలకలంటే పెద్ద ఆకర్షణ. ఎండకు ప్లాస్టిక్ సాగుతుంది కనుక పలకల మధ్య సందులు వెడల్పుగా వదలాల్సి వచ్చింది. ఆ సందుల్ని, ఇంజన్ మోతను విమర్శకులు తొలినుంచీ ఎత్తిచూపారు. నడకలో, సౌకర్యంలో అది హోండా సివిక్‌కు సాటి రాలేదు. అమెరికాలో తయారైన చిన్న కార్లతో పోలిస్తే మాత్రం చాలా మెరుగు.

అమ్మిన తీరు

అమెరికాలో కారు కొనడమంటే చాలామందికి సగం రోజు నరకం. స్టిక్కరు మీద ఒక ధర, అమ్మేవాడు చెప్పేది మరొకటి, కట్టేది ఇంకొకటి. బేరం రానివాళ్లు, ముఖ్యంగా ఒంటరిగా వెళ్లిన ఆడవాళ్లు, ఎక్కువ కట్టి వచ్చేవారు. సాటర్న్ బేరాన్ని పూర్తిగా తీసేసింది. రాసిన ధరే అమ్మే ధర. ఎవరికైనా అంతే. ఒక్కో రిటైలర్‌కు విశాలమైన ప్రాంతం అప్పగించారు కనుక, పక్క వీధిలో ఇంకో సాటర్న్ షాపు వంద డాలర్లు తగ్గించి పోటీ పెట్టే అవకాశం లేదు. స్థిర ధర నిలబడటానికి అసలు కారణం ఈ ఏర్పాటే. కొన్నాక నచ్చకపోతే 30 రోజుల్లో, 1,500 మైళ్లలోపు వెనక్కి ఇచ్చేయవచ్చు. తాళం చేతికిచ్చే రోజు షాపులో అందరూ పని ఆపి కారు చుట్టూ చేరి, చప్పట్లు కొట్టి, కొత్త యజమానితో ఫొటో దిగేవారు.

మాట మీద నిలబడిన సందర్భాలే ఈ పద్ధతికి బలం ఇచ్చాయి. 1991లో సరఫరాదారు పంపిన పనికిరాని కూలెంటు వల్ల కొన్ని ఇంజన్లు పాడయ్యాయి. ఇంజన్ బాగుచేసి ఇస్తే సరిపోయేది. సాటర్న్ 1,836 కార్లను వెనక్కి తీసుకుని వాటి బదులు కొత్తవి ఇచ్చింది. సీటులో లోపం సరిచేయడానికి అలాస్కాలో ఉన్న ఒక్క కస్టమర్ దగ్గరికి మెకానిక్‌ను విమానంలో పంపింది, ఆ సంగతి తర్వాత టీవీ ప్రకటన అయింది. 1993లో వైరింగు లోపం వల్ల మంటలు రేగే ప్రమాదం ఉందని 3.5 లక్షలకు పైగా కార్లను పిలిపించినప్పుడు, వచ్చినవాళ్లకు కొన్నిచోట్ల రిటైలర్లు భోజనాలు పెట్టి, కారు కడిగి పంపారు. శాన్‌ఫ్రాన్సిస్కోకు చెందిన హాల్ రైనీ సంస్థ చేసిన ప్రకటనల్లో కారు కంటే మనుషులే ఎక్కువ కనిపించేవారు.

కొనుగోలుదార్ల సంతృప్తి సర్వేల్లో ఈ చవక కారు లెక్సస్, ఇన్ఫినిటీ లాంటి ఖరీదైన బ్రాండ్ల సరసన చేరింది. 1993లో కంపెనీ లాభం చూసింది. 1994లో అమ్మకాలు 2.86 లక్షలకు చేరాయి, తర్వాత ఎన్నడూ ఆ అంకె దాటలేదు. అదే ఏడాది జూన్‌లో యజమానుల్ని స్ప్రింగ్ హిల్‌కు ఆహ్వానిస్తే, దేశం నలుమూలల నుంచి సుమారు 44,000 మంది తరలివచ్చారు. తమ కారు తయారైన లైను చూశారు, దాన్ని బిగించిన మనుషులతో మాట్లాడారు. మన పుట్టింటి పండగలకు దగ్గరగా అనిపించే ఈ కలయిక ఒక కార్ల ఫ్యాక్టరీలో జరగడం ఆ దేశానికీ కొత్తే.

యజమానుల అనుభవం

ఎస్ సిరీస్ నడిపినవాళ్లు ముందుగా చెప్పేది మైలేజీ. మాన్యువల్ గేర్ల బండి హైవే మీద లీటరుకు 15 కిలోమీటర్లు దాటేది. టైమింగు బెల్టు బదులు చెయిన్ ఉండటంతో దాన్ని మార్చే ఖర్చు లేదు. ఆటోమేటిక్ గేరుబాక్సు ఫిల్టరు కూడా ఇంజన్ ఆయిల్ ఫిల్టరులా బయట తిప్పి తీసేలా ఉండేది. అందుకే ఇంటి దగ్గర సొంతంగా పని చేసుకునేవాళ్లకు ఈ బండంటే ఇష్టం. ఫెండరు పగిలితే బోల్టులు విప్పి, పాత బండ్ల యార్డులో అదే రంగు పలక దొరికితే తెచ్చి బిగించుకోవడమే.

చిక్కులూ ఉన్నాయి. అన్నిటికంటే పేరుమోసింది ఇంజన్ ఆయిల్ తాగడం. పిస్టన్ మీద గోడల్ని తుడిచే ఆయిల్ రింగు వెనుక ఆయిల్ కిందికి జారే దారి సరిపోయేది కాదు. మసి పేరుకుని రింగు బిగుసుకుపోతే ఆయిల్ సిలిండర్లోకి చేరి కాలిపోయేది. పొగ పెద్దగా కనబడదు కనుక డిప్‌స్టిక్ చూడని యజమాని ఒకరోజు ఖాళీ ఇంజన్‌తో రోడ్డు మీద ఆగిపోయేవాడు. సెకండ్ హ్యాండ్ సాటర్న్ కొన్నవాళ్లు పెట్రోలు పోయించిన ప్రతిసారీ ఆయిల్ చూడటం అలవాటు చేసుకున్నారు. ప్రాథమిక రకం ఇంజన్‌లో సిలిండర్ హెడ్ పగుళ్లు, ప్లాస్టిక్ మొనతో వచ్చిన కూలెంట్ ఉష్ణోగ్రత సెన్సరు చిట్లడం కూడా మెకానిక్‌లకు పరిచయమైన సమస్యలే. పలకలు తుప్పు పట్టకపోయినా లోపలి ఉక్కు చట్రం పడుతుంది. బయటికి కొత్తగా మెరిసే బండిని కింద నుంచి చూడకుండా కొనకూడదని అనుభవజ్ఞులు చెప్పేది అందుకే.

క్షీణత

లక్షలమంది నమ్మకం కూడగట్టుకున్న కంపెనీకి ఆ తర్వాత కావలసింది కొత్త కార్లు. అవే రాలేదు. 1992లో 2,350 కోట్ల డాలర్ల నష్టం చూపిన జీఎంకు డబ్బు కటకటగా ఉంది. తమ వాటా సాటర్న్ తినేస్తోందని మిగతా విభాగాలు గుర్రుగా ఉన్నాయి. పెళ్లయి పిల్లలు పుట్టిన సాటర్న్ యజమాని పెద్ద కారు కావాలని అదే షాపుకు వస్తే చూపించడానికి ఏమీ లేదు. అతను హోండా అకార్డో, టొయోటా కామ్రీయో కొనుక్కుని వెళ్లిపోయాడు. ఎస్ సిరీస్ పైపై మార్పులతో 2002 దాకా సాగింది. ఓపెల్ వెక్ట్రా ఆధారంగా డెలావేర్‌లో తయారైన ఎల్ సిరీస్ 1999లో వచ్చేటప్పటికి ఆలస్యమైపోయింది, కారూ సాదాసీదాగా ఉంది. జీఎం విద్యుత్ కారు ఈవీ1ను 1996 నుంచి కాలిఫోర్నియా, అరిజోనాల్లో లీజుకిచ్చింది సాటర్న్ షాపుల ద్వారానే. ఆ ప్రయోగాన్నీ సంస్థ మధ్యలో ఆపేసింది. 1997లో మొదలైన జపాన్ అమ్మకాలు 2001లో ముగిశాయి.

పని ఒప్పందం కూడా వదులవుతూ వచ్చింది. 1999లో స్ప్రింగ్ హిల్ కార్మికులు పాత యూనియన్ నాయకత్వాన్ని ఓడించారు. 2003 డిసెంబరులో ప్రత్యేక ఒప్పందాన్ని వదిలి జాతీయ ఒప్పందంలో చేరడానికి ఓటు వేశారు. బోనసులు తగ్గి, కొత్త మోడళ్లు వేరే ప్లాంట్లకు పోతుంటే వాళ్లు చేసింది తప్పని అనలేం.

ఎస్ సిరీస్ స్థానంలో వచ్చిన అయాన్‌కు స్పీడోమీటరు డాష్‌బోర్డు మధ్యలో పెట్టారు, లోపలి ప్లాస్టిక్ నాసిరకం. అంతకంటే ఘోరం దాని ఇగ్నిషన్ స్విచ్. బరువైన తాళాల గుత్తి లాగినా, కుదుపు తగిలినా తాళం తిరిగిపోయి, నడుస్తుండగానే ఇంజన్ ఆగి, ఎయిర్‌బ్యాగులు పనిచేయకుండా పోయే ప్రమాదం ఉండేది. షెవర్లే కోబాల్ట్‌తో సహా పలు జీఎం మోడళ్లలో ఉన్న ఈ లోపం సంస్థలో కొందరికి ఏళ్లుగా తెలుసు. కార్లను పిలిపించింది మాత్రం 2014లో. నష్టపరిహార నిధి 124 మరణాలను ఈ లోపంతో ముడిపెట్టి అంగీకరించింది. మాట నిలబెట్టుకోవడం మీద పుట్టిన పేరు ఈ జాబితాలోకి ఎక్కడం క్షమించరానిది.

వ్యూ ఎస్‌యూవీ బాగా అమ్ముడైంది. 2004 నుంచి 2007 దాకా దాని వీ6 ఇంజన్ హోండా నుంచి తెచ్చింది కావడంతో ఆ రకానికి సెకండ్ హ్యాండ్ మార్కెట్లో మంచి పేరుంది. తొలి ఏళ్ల వ్యూలో వచ్చిన సీవీటీ గేరుబాక్సు మాత్రం ఎందరినో ఏడిపించింది. 2006 నుంచి వచ్చిన ఆరా, స్కై, అవుట్‌లుక్ మంచి బండ్లే. ఆరాకు 2007లో ఉత్తర అమెరికా మేటి కారు పురస్కారం దక్కింది. కానీ అవి ఏ జీఎం షోరూములోనైనా వేరే పేరుతో దొరికే కార్లకు తోబుట్టువులు. ప్లాస్టిక్ పలకలు పోయాయి. 2007లో స్ప్రింగ్ హిల్‌లో సాటర్న్ తయారీ ఆగింది. బెల్జియంలో చేసిన ఆస్ట్రాను 2008లో దిగుమతి చేసుకున్నారు. ఓపెల్ ఆస్ట్రా పాత తరం 1990ల్లో గుజరాత్‌లోని హాలోల్ నుంచి మన రోడ్ల మీదికీ వచ్చింది. సాటర్న్ పేరుతో ఏ కారూ మన దేశంలో అమ్మలేదు.

ముగింపు, ఆ తర్వాత

2009 జూన్ 1న జీఎం దివాలా రక్షణ కోరింది. ఆ వారంలోనే సాటర్న్‌ను కొనడానికి రోజర్ పెన్‌స్కీకి చెందిన పెన్‌స్కీ ఆటోమోటివ్ గ్రూప్ ముందుకొచ్చింది. కొంతకాలం జీఎం, తర్వాత వేరే తయారీదారు కార్లు సరఫరా చేయాలన్నది ఆలోచన. ఆ తయారీదారుగా అనుకున్న రెనో బోర్డు సరఫరాకు ఒప్పుకోకపోవడంతో సెప్టెంబరు 30న బేరం చెదిరింది. అక్టోబరులో తయారీ నిలిచిపోయింది. సుమారు 350 రిటైల్ షాపులు దశలవారీగా 2010 అక్టోబరు నాటికి మూతపడ్డాయి.

వారంటీలను ఇతర జీఎం డీలర్లు గౌరవించారు. ఇంజన్, బ్రేకు సామాను బయటి తయారీదారుల నుంచి ఇప్పటికీ దొరుకుతుంది. కరువల్లా పాత ఎస్ సిరీస్ ప్లాస్టిక్ పలకలకే. వాటి కోసం యజమానులు పాత బండ్ల యార్డులు గాలిస్తారు. స్థిర ధర పద్ధతిని 2003లో టొయోటా తన సయాన్ బ్రాండుకు తీసుకుంది, టెస్లా కూడా బేరం లేకుండానే అమ్ముతోంది. స్ప్రింగ్ హిల్ ఫ్యాక్టరీ కొంతకాలం మూతపడి తిరిగి తెరుచుకుంది. అక్కడ 2022 నుంచి క్యాడిలాక్ లిరిక్ విద్యుత్ కార్లు తయారవుతున్నాయి.