అనంతానికి హద్దు కట్టిన షూర్

పాలస్తీనాలో ఒక ఉపన్యాసశాల. బెర్లిన్ నుంచి వలస వచ్చిన ఇస్సాయ్ షూర్ గణితం చెబుతున్నారు. ఉన్నట్టుండి మాట ఆగిపోయింది. కుర్చీలో కూలబడి తల వంచుకున్నారు. ఎవరికీ ఏమీ అర్థం కాక, అందరూ గౌరవంగా అలాగే కూర్చున్నారు. కొన్ని నిమిషాల తర్వాత ఆయన లేచి, ఎప్పటిలాగే ప్రసంగం ముగించారు. వినడానికి వచ్చిన వైద్యుడొకరికి మాత్రం గుండె జారిపోయింది. అది గుండెపోటేననీ, అంత బాధలో మాట ఎలా పూర్తి చేయగలిగారో అంతుపట్టడం లేదనీ పక్కనున్న గణితజ్ఞుడు షిఫర్‌తో అన్నారు.

ఈ పట్టుదల ఎలాంటిదో 1911లో ఆయన అచ్చువేసిన వ్యాసం చూస్తే తెలుస్తుంది.

అంతులేని పట్టిక ఒకటి ఊహించండి. పదో అడ్డువరుస, మూడో నిలువువరుస కలిసే గడిలో 1/13. అన్ని గడులూ ఇంతే: రెండు వరుసల సంఖ్యలూ కూడి, ఒకటిని దాంతో భాగించాలి. ఈ పట్టిక ఒక ఆపరేటర్. అనంత శ్రేణి ఒకటి లోపలికి వెళ్తే మరో శ్రేణి బయటికొస్తుంది. అలా వచ్చినదాని పొడవు (పదాల వర్గాల మొత్తానికి వర్గమూలం), వెళ్లినదానికి ఎన్ని రెట్లు మించదు? ఏ అడ్డువరుస కూడినా మొత్తం ఎక్కడా ఆగదు. మొదటి వరుసే చూడండి: 1/2 + 1/3 + 1/4... పెరుగుతూనే పోతుంది. అలాంటి పట్టికకూ హద్దుందని గణితజ్ఞుడు హిల్బర్ట్ చూపించారు. ఆ నిరూపణను 1908లో ఆయన శిష్యుడు వైల్ ప్రచురించారు. కానీ కచ్చితమైన హద్దు ఎంత?

1911 వ్యాసంలో షూర్ వాడిన, ఆయన పేరుతో నేటికీ బోధించే పరీక్ష ఇక్కడే అక్కరకొస్తుంది. అడ్డువరుస సంఖ్యను నిలువువరుస సంఖ్యతో భాగించి, దాని వర్గమూలంతో ఆ గడిని గుణించాలి. అంతే, వరుసలన్నీ లొంగుతాయి. మొదటి వరుస మొత్తం సుమారు 1.86. ఎంత దూరపు వరుసైనా పై దాటదు, అంటే 3.14159... ఆపరేటర్ కూడా అంతకు మించి సాగదీయలేదు. ఇంతకన్నా చిన్న సంఖ్య ఏదీ హద్దుగా సరిపోదు. వృత్తంతో ఏ సంబంధమూ లేనిచోట ఆ సంఖ్య వచ్చి నిలబడటం నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరించే సంగతి.

బెర్లిన్‌లో ఆయన పాఠాలకు దాదాపు 400 మంది వచ్చేవారు. చివరి వరుసలో చోటు దొరికిన రోజుల్లో విద్యార్థి లెడర్‌మాన్ నాటకశాల బైనాక్యులర్స్‌తో ఆయన్ని చూసేవాడట. 1933లో నాజీలు యూదుడైన షూర్‌ను పక్కన పెట్టారు. సహచరుడు ఎర్హార్డ్ ష్మిట్ పోరాడితే మళ్లీ పాఠం చెప్పనిచ్చారు. 1935లో అదీ పోయింది. 1938లో ప్రష్యన్ శాస్త్ర అకాడమీ నుంచి తప్పుకోవాల్సి వచ్చింది. 1939లో దేశం విడిచారు. చేతిలో డబ్బులేక, ప్రాణంలా చూసుకున్న పుస్తకాలను ప్రిన్స్‌టన్‌లోని ఉన్నత అధ్యయన సంస్థకు అమ్ముకున్నారు. 1941 జనవరి 10న టెల్ అవీవ్‌లో గుండె ఆగిపోయింది. ఆ రోజు ఆయన 66వ పుట్టినరోజు.

పట్టిక కథ మాత్రం సాగింది. దానికి తోబుట్టువులాంటి, మొదటి గడిలో 1 ఉండే పట్టిక స్పెక్ట్రం (ఆపరేటర్ స్వభావాన్ని తెలిపే సంఖ్యల సమూహం) 0 నుంచి పై దాకా సందు లేకుండా నిండి ఉంటుందని 1950లో విల్‌హెల్మ్ మాగ్నస్ నిరూపించారు.