మూడు మోటార్లూ ఒకే రాత్రి పోతాయా?

రాత్రి రెండు దాటింది. విజయవాడ సింగ్‌నగర్‌లో ఓ ఇంటి ముందు కార్లో కూర్చున్న డాక్టరమ్మకి బ్రేకు అందడం లేదు. సాయంత్రం కారు తీసింది ఆవిడ భర్త. ఆరడుగుల మనిషి. సీటుని పట్టాల చివరికంటా వెనక్కి జరిపి, అలాగే వదిలేసి దిగారు. ఈవిడ ఐదడుగులు దాటరు. అవతల ఆసుపత్రిలో నొప్పులు పడుతున్న మనిషి ఉంది. సీటు పక్క బటన్ ముందుకి నొక్కారు. ఉలుకూ పలుకూ లేదు. ఎత్తు పెంచే బటన్ నొక్కారు, వీపు వాల్చే బటన్ నొక్కారు. ఏదీ కదల్లేదు.

నిద్రపోతున్న ఆయన్ని లేపి డ్రైవింగ్‌కి కూర్చోబెట్టారు. కాన్పు సుఖంగానే అయింది. ఆ సంగతి అక్కడితో సరి, మనకి కావలసింది సీటు.

మర్నాడు సర్వీస్ సెంటర్ కుర్రాడు సీటు కింద వైర్లు కలిపే కప్లర్ ఊడదీసి మీటరు పెట్టాడు. ఎర్ర లీడు సప్లై వైరుకి, నల్ల లీడు కారు బాడీకి. 12.5 వోల్టులు. "సప్లై వస్తోంది మేడమ్, మోటారు పోయినట్టే. విడిగా దొరకదు, ఫ్రేముతో సహా మార్చాలి" అని ఐదంకెల ఎస్టిమేటు చేతిలో పెట్టాడు.

ఆ కాగితంతోనే ఆవిడ ఆటోనగర్ వెళ్లారు. అక్కడి ఎలక్ట్రీషియన్‌కి అరవై ఏళ్లుంటాయి. (ఇద్దరూ పేర్లు రాయొద్దన్నారు.) ఎస్టిమేటు ఓసారి చూసి మడిచి ఇచ్చేశాడు.

"ముందుకీ వెనక్కీ ఒక మోటారు, ఎత్తుకి ఒకటి, వీపుకి ఒకటి. మూడూ ఒకే రాత్రి పోతాయామ్మా? మూడింటికీ ఉమ్మడిగా ఉన్నదేదో పోయుంటుంది."

కార్లో పైలైటు వేసి బటన్ నొక్కి చూశాడు. లైటు రవ్వంత కూడా తగ్గలేదు. పళ్లచక్రం బిగుసుకుపోయినా, పట్టాలో చిల్లర నాణెం ఇరుక్కున్నా, మోటారు ఒక్కసారిగా కరెంటు లాగుతుంది, లైటు మసకబారుతుంది. ఇక్కడ అదేం లేదంటే కరెంటు అసలు పారడం లేదన్నమాట. 30 ఆంపియర్ల ఫ్యూజు లాగి చూస్తే బాగానే ఉంది.

హెల్పర్ కుర్రాడు సీటు విప్పుదామని స్పానర్ తెచ్చాడు. "ఆగరా! సీటు వెనక్కి ఉంటే వెనక బోల్టులు దాని కిందే ఉంటాయి, ఎలా విప్పుతావు? ఆ పసుపుపచ్చ కప్లర్ జోలికి అసలు పోకు, అది ఎయిర్‌బ్యాగ్‌ది." ఆ పసుపుపచ్చ వైర్లకి మీటరూ పెట్టకూడదు, బల్బూ పెట్టకూడదు. విప్పక తప్పకపోతే బ్యాటరీ తీసేసి కొన్ని నిమిషాలు ఆగాలి. కంగారులో చాలామంది మర్చిపోయేది ఇదే.

తర్వాత డబ్బాలోంచి రెండు వైర్లు అతికించిన ఇండికేటర్ బల్బు తీశాడు. 21 వాట్లది. సప్లై వైరుకీ బాడీకీ మధ్య పెడితే ఫెళ్లున వెలిగింది. సప్లై వైరుకీ, కప్లర్లో కారు వైపు నుంచి వచ్చే నల్ల ఎర్త్ వైరుకీ మధ్య పెడితే వెలగలేదు.

సర్వీస్ సెంటర్ కుర్రాడి మీటరు చూపించిన అంకె నిజమే. అతను నల్ల లీడు బాడీకి ఆనించాడు, సీటు కరెంటు మాత్రం బాడీలోకి ఈ నల్ల వైరు గుండానే వెళ్లాలి. బటన్ ముట్టుకోనప్పుడు ప్రతి మోటారు రెండు కొసలూ స్విచ్‌లో ఎర్త్‌కే కలిసి ఉంటాయి. నొక్కినప్పుడు ఒక కొసకి బ్యాటరీ సప్లై తగులుతుంది, రెండోది ఎర్త్‌లోనే ఉంటుంది. అవతలి వైపు నొక్కితే కొసలు తారుమారై మోటారు తిరగేసి తిరుగుతుంది. ఏ బటన్ నొక్కినా కరెంటు తిరిగి పోవాల్సింది ఆ ఒక్క ఎర్త్ వైరులోనే.

డాక్టరమ్మ నమ్మకం కుదరనట్టు చూస్తుంటే కప్లర్ మళ్లీ తగిలించాడు. మీటరు ఒక లీడు కప్లర్ వెనక నుంచి నల్ల వైరుకి, రెండోది బాడీకి ఆనించి "నొక్కండమ్మా" అన్నాడు. అంకె దాదాపు 12కి ఎగబాకింది. బాగున్న ఎర్త్ అయితే వోల్టులో పదో వంతో ఐదో వంతో, అంటే 0.1, 0.2 చూపించాలి.

"వరదలో ఉందా కారు?"

ఉంది. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్‌నగర్‌ని ముంచినప్పుడు ఈ కారూ నీళ్లలోనే నిలబడిపోయింది. తర్వాత మ్యాట్లు మార్చారు, సీట్లు షాంపూతో కడిగించారు. బయటికి కొత్తదానిలా తయారైంది.

డోరు గడప పట్టీ ఊడదీసి కార్పెట్ ఎత్తితే కింద ఎండి పెచ్చులు కట్టిన ఒండ్రు. దాని అడుగున ఎర్త్ బోల్టు. వైరు చివరి లగ్గు మీద పచ్చటి చిలుము, వేలితో తడితే వైరు ఊడి చేతికొచ్చింది. తొడుగు కోస్తే లోపల రాగి తీగలు నల్లబడి పొడి రాలుతున్నాయి. మెరిసే రాగి కనపడేదాకా కత్తిరించుకుంటూ పోయాడు. తగ్గిన పొడవుకి కొత్త వైరు అతికించి, లగ్గు వేసి నొక్కాడు. బోల్టు చోట గరుకు కాగితంతో ఇనుము తేలేదాకా రుద్ది, బిగించి, పైన గ్రీజు పూశాడు.

బటన్ నొక్కితే సీటు మూలుగుతూ ముందుకొచ్చింది.

డాక్టరమ్మ పర్సు తీయబోతుంటే అతను ఎడమవైపు డోరు తెరుస్తున్నాడు.

"ఆ సీటు బాగానే పనిచేస్తోందిగా మేస్త్రీ గారూ?"

"నీళ్లు అటూ వచ్చాయిగా అమ్మా."

అక్కడా అదే ఒండ్రు. వైరు ఇంకా తెగలేదు, లగ్గు మాత్రం పచ్చబడింది. దాన్నీ మార్చి, రెండు లగ్గులకీ మజూరీకీ కలిపి బిల్లు చెప్పాడు. సర్వీస్ సెంటర్ ఎస్టిమేటులో పన్ను కింద వేసిన మొత్తం కూడా కాలేదది.