రోదసిలో అతిథులు - భారతీయుల రెండు యాత్రలు

పొరుగువాని బండిలో ఒకమారు పట్టణమునకు పోయి వచ్చినవానికి దారి తెలియును గాని, బండి చేయుట తెలియదు. అయినను సొంత బండి చేసికొనదలచినవానికి ఆ దారి తెలిసియుండుట స్వల్ప విషయము కాదు. మానవులను రోదసిలోనికి పంపవలెనని సంకల్పించిన దేశమునకు, పరదేశముల నౌకలలో చేసిన యాత్రలు ఎంతవరకు తోడ్పడును? ఈ ప్రశ్నకు భారతదేశ చరిత్రయే మంచి సమాధానము చెప్పగలదు.

1961 ఏప్రిల్ 12వ తేదీన యూరీ గగారిన్ భూమిని చుట్టి వచ్చిన తరువాత చాల కాలము వరకు రోదసియాత్ర సోవియట్ యూనియన్, అమెరికా దేశీయులకే పరిమితమై యుండెను. 1978 మార్చిలో చెకోస్లోవేకియా దేశీయుడగు వ్లదిమీర్ రెమెక్ సోవియట్ నౌకలో ప్రయాణించుటతో ఆ హద్దు చెరిగినది. అదే సంవత్సరమున పోలెండు, 1980లో హంగరీ తమ వ్యోమగాములను ఆ విధముగనే పంపినవి. 1984లో భారతదేశము వంతు వచ్చినది.

హైదరాబాదులో పెరిగి, నిజాం కళాశాలలో చదివిన వైమానిక దళాధికారి రాకేశ్ శర్మ 1984 ఏప్రిల్ 3వ తేదీన బైకనూర్ నుండి సోయజ్ టి-11 నౌకలో బయలుదేరెను. మాలిషెవ్, స్ట్రెకలోవ్ అను సోవియట్ వ్యోమగాములు ఆయనతో కూడ ఉండిరి. వారు సాల్యూట్-7 కేంద్రమును చేరిరి. శర్మ అచ్చటినుండి భారత భూభాగమును ఛాయాచిత్రములు తీసెను. భారరహిత స్థితిలో యోగాభ్యాసము శరీరమునకు ఎట్లు తోడ్పడునో పరీక్షించెను. 7 దినముల 21 గంటల 40 నిమిషముల యాత్ర ముగించి ఆయన క్షేమముగ భూమికి తిరిగి వచ్చెను. ఆయనతో సమానముగ శిక్షణము పొందిన రవీశ్ మల్హోత్రా, అవసరమైనచో ఆయన స్థానమున వెళ్లుటకు సిద్ధముగ నుండెను.

దేశమంతయు సంతోషించినది. అయితే ఆనాటి మన రాకెట్ల శక్తి ఎంతటిది? 1980 జూలై 18వ తేదీన శ్రీహరికోట నుండి ఎగిరిన ఎస్.ఎల్.వి.-3 రాకెట్టు కక్ష్యలో నిలిపిన రోహిణి ఉపగ్రహము బరువు 35 కిలోగ్రాములు. శర్మ ఎక్కిన నౌక బరువు సుమారు 7 టన్నులు; అనగా దాదాపు 200 రెట్లు. వార్తాప్రసారము, భూవనరుల పరిశీలన మొదలగు పనులకు ఉపగ్రహములను నిర్మించుటయే అప్పటి ముఖ్య లక్ష్యము. పేదదేశమునకు అది ఉచితమైన నిర్ణయమే. కాని శర్మ తెచ్చిన అనుభవమును అందుకొని ముందుకు సాగించుటకు స్వదేశమున మానవసహిత నౌకను నిర్మించు ప్రణాళిక ఏదియు లేదు. దారి తెలిసినది, బండి పని మొదలు కాలేదు.

దీనికి భిన్నమైన ఉదాహరణము చైనా. ఆ దేశము 1992లో మానవసహిత యాత్రా ప్రణాళికను ఆమోదించి, కొలది సంవత్సరముల తరువాత ఇద్దరిని రష్యాలోని గగారిన్ కేంద్రమునకు శిక్షణకై పంపినది. వారు రష్యా నౌకలో రోదసికి పోలేదు. స్వదేశమునకు తిరిగివచ్చి ఇతరులకు శిక్షణ నిచ్చిరి. 2003 అక్టోబరు 15వ తేదీన యాంగ్ లీవై చైనా నౌకలోనే కక్ష్యను చేరెను. ప్రయాణము కన్న, నేర్చినదానిని వినియోగించుకొను ఏర్పాటే ముఖ్యమని దీనివలన తేలుచున్నది.

భారతదేశమున ఆ ఏర్పాటు క్రమక్రమముగ రూపొందినది. గంటకు సుమారు 28,000 కిలోమీటర్ల వేగముతో వచ్చు నౌక వాతావరణములో ప్రవేశించునపుడు ముందున్న గాలి ఒక్కమారుగ నొత్తుకొని, విపరీతముగ వేడెక్కును. ఆ వేడికి తట్టుకొను కవచము లేనిదే లోపలివారు బ్రతుకలేరు. 2007 జనవరిలో చిన్న గుళిక నొకదానిని కక్ష్యనుండి దింపి, బంగాళాఖాతమున వెలికితీసిరి. 2014 డిసెంబరులో మనుష్యులు లేని పెద్ద గుళికను పరీక్షించిరి. రాకెట్టుకు ప్రమాదము సంభవించినచో వ్యోమగాములను దూరముగ లాగివేయు సాధనమును 2018లోను, 2023లోను శ్రీహరికోటలో పరీక్షించిరి. మన నౌకలో మన వ్యోమగాములను పంపుటకు ఉద్దేశింపబడిన ఈ ప్రణాళికయే గగన్‌యాన్. దీనికై ఎన్నుకొనబడిన నలుగురు వైమానికులు 2020, 2021 సంవత్సరములలో రష్యాలో శిక్షణము పొందిరి.

వారిలో ఒకడైన శుభాంశు శుక్లా 2025 జూన్ 25వ తేదీన అమెరికానుండి ఆక్సియమ్-4 యాత్రలో నౌకాచాలకుడుగ బయలుదేరి, 18 దినములు అంతర్జాతీయ కేంద్రమున గడపి, జూలై 15న తిరిగి వచ్చెను. అచ్చట మెంతులు, పెసలు మొలకెత్తించెను. ఆహారముగ ఉపయోగపడగల సూక్ష్మ శైవలములపైనను, కండర కణములపైనను పరిశోధనలు జరిపెను. భారరహిత స్థితిలో రక్తాది ద్రవములు తలవైపునకు ఎక్కుట, కండరములు సన్నగిల్లుట మొదలగునవి పుస్తకములలో చదువవచ్చును. కాని వాటితోనే పనిచేయుట ఎట్లో అనుభవముననే తెలియును. ఈ యాత్ర ప్రారంభమునకు ముందు రాకెట్టులో ద్రవ ఆక్సిజను కారుచున్నట్లు కనుగొని, దానిని బాగుచేయు వరకు ప్రయాణము నాపిరి. ఆశపడి ఎదురుచూచుచున్న సమయమున ఆగుట కూడ నేర్వదగిన పాఠమే.

అతిథికి లభింపనివియు కలవు. ఇంజనుల రహస్యములు, గాలిని, నీటిని శుద్ధిచేయు యంత్రముల నిర్మాణము ఎవ్వరును ఆసనముతోబాటు అప్పగింపరు. అవి స్వయముగ సాధించుకొనవలసినవే. ఇట్టి యాత్రకు కోట్లకొలది రూపాయలు వ్యయమగును గనుక, తిరిగివచ్చినవాని అనుభవము ఎవరికి, ఏ పనికి ఉపయోగపడునో ముందే నిర్ణయించుకొనుట అవసరము.

శుక్లాతో కూడ పోలెండు, హంగరీ దేశీయులు ఇద్దరు ప్రయాణించిరి. ఆ మూడు దేశముల ప్రభుత్వములును నలువది సంవత్సరములకు పైబడిన విరామము తరువాత తమ రెండవ వ్యోమగామిని పంపినవి. మువ్వురును అతిథులే. అయితే వారిలో స్వదేశమున సొంత నౌక సిద్ధమగుచున్నది శుక్లాకు మాత్రమే. 1984లో శర్మ తిరిగివచ్చినపుడు ఆయనకొరకు సభలు కాచుకొనియుండెను. 2025లో శుక్లా తిరిగివచ్చినపుడు పనిశాలలు, ప్రశ్నలు కాచుకొనియుండెను. రెండు యాత్రలకు గల భేదము ఇదియే.