మాట వెనుక కథ: శిష్యరికం

సంస్కృతంలో 'శాస్' అంటే బోధించడం, అదుపులో పెట్టడం. శాసనం, శాస్త్రం పుట్టిన ఆ ధాతువులోంచే 'శిష్యుడు' అనే మాటా వచ్చింది: బోధకు లోబడినవాడు. పేదరికం, చుట్టరికంలో ఉన్న మన తెలుగు 'రికం' తోడై శిష్యరికం అయింది. సంగీతానికీ, సాముగరిడీకీ వాడే ఈ మాట క్రైస్తవుల నోట మరింత బరువెక్కింది. లూకా సువార్త 14వ అధ్యాయంలో యేసు అడిగింది పాఠాలు అప్పజెప్పడం కాదు. అయినవాళ్లనూ, ఆస్తినీ, ప్రాణాన్నీ సైతం వదులుకోగల తెగువ.

అలాంటి తెగువకు ఒక ఉదాహరణ కాజీపేటలో కనిపిస్తుంది. 1952లో ఏర్పడిన వరంగల్ కతోలిక పీఠపు కథీడ్రల్ అక్కడి ఫాతిమానగర్‌లో ఉంది. ఆ పీఠపు తొలి బిషప్ అల్ఫోన్సో బెరెట్టా ఇటలీ నుంచి వచ్చిన, పీమే (PIME) అనే కతోలిక మిషనరీ సంఘానికి చెందినవాడు. సొంత ఊరు, సొంత భాష విడిచి రావడం చిన్న వెల కాదు. ఆదివారం గుడికెళ్తే చాలనుకునేవాళ్లు లూకాలోని ఆ అధ్యాయం మరోసారి చదవాలి.