ఆంగ్లభాషయందలి నార్సు సర్వనామములు

ఒక భాష మఱియొక భాషనుండి నామములను గ్రహించుట సర్వసామాన్యము. క్రొత్త వస్తువుతోఁగూడ దాని పేరును వచ్చును. సర్వనామముల విషయ మట్లు గాదు. అవి శైశవమునుండియు నాలుకపై నాడుచు, ప్రతివాక్యమునను వచ్చుచుండునవి గావునఁ బరభాషనుండి వానిని గ్రహించుట మిక్కిలి యరుదు. అట్లయ్యును ఆంగ్లభాషలో 'వారు' అను నర్థమునఁ జెల్లు 'దే', 'దెమ్', 'దెయిర్' అను మూఁడు రూపములును స్కాండినేవియావారి ప్రాచీనభాషయగు నార్సునుండి వచ్చినవి. శత్రువులై వచ్చినవారి సర్వనామము లెట్లు స్వభాషాపదము లయ్యెనో విచార్యము.

క్రీ. శ. 793లో వైకింగులు లిండిస్‌ఫార్న్ మఠమును గొల్లగొట్టిరి. 865లో వారి మహాసేన ఇంగ్లండున దిగెను. ఆంగ్లో-సాక్సను వార్షికచరిత్రము ఈ యుద్ధములనే విస్తరించి చెప్పుచున్నది. కాని 876వ సంవత్సరము క్రింద, హాఫ్డన్ అను నాయకుఁడు నార్తంబ్రియా భూములను దనవారికిఁ బంచియిచ్చెననియు, వారు దున్నుకొని బ్రతుక నారంభించిరనియు నా గ్రంథమే చెప్పుచున్నది. 878లో ఆల్ఫ్రెడ్డు రాజు ఎడింగ్టన్ యుద్ధమున గుథ్రమును జయించెను. పిదప నిరువురకును సంధి కుదిరి సరిహద్దు లేర్పడెను. డేనుల ధర్మము చెల్లిన ప్రాంతమునకుఁ దరువాత 'డేన్‌లా' యను పేరు గలిగెను. 'లా' యను పదమే నార్సుపదము. డర్బీ, విట్బీ, గ్రిమ్స్‌బీ మొదలగు నూళ్లపేళ్ల చివరనున్న 'బీ' యనునది నార్సున గ్రామవాచకము.

ఆంగ్లమును నార్సును జర్మానికశాఖకుఁ జెందిన సోదరభాషలు. పూర్వపు 'స్క' యనునది యాంగ్లమున 'ష'గా మాఱెను. నార్సున మాఱక నిలిచెను. అందుచే నొకే మూలమునుండి 'షర్టు', 'స్కర్టు' అను రెండు రూపములు గలిగి, యర్థభేదముతో నిలిచినవి. తెలుఁగువారి వాడుకలోను రెండును గలవు. ఆకాశవాచకమగు 'స్కై', చర్మవాచకమగు 'స్కిన్' నార్సుపదములే. కత్తికి 'నైఫ్', భర్తకు 'హస్బెండ్' అను పేళ్లును నట్టివే. 'విండో' యనఁగా మూలమున 'గాలికన్ను'. సంస్కృత గవాక్షశబ్దమునందును గన్నే కలదు. ఇవన్నియు యుద్ధభూమిని గాక యింటను బొలమునను వాడుకైన మాటలు.

1490లో ముద్రాపకుఁడగు కాక్స్‌టన్ ఒక పీఠికలో నొక ముచ్చట చెప్పెను. థేమ్సునదీతీరమున నొక వర్తకుఁడు గ్రుడ్లకై 'ఎగ్స్' అని యడుగఁగా, గృహిణి తనకు ఫ్రెంచి రాదనెనఁట. మఱియొకఁడు 'ఐరెన్' అనఁగానే యామె గ్రహించెను. మొదటిది నార్సుపదము, రెండవది దేశ్యము. తుదకు నిలిచినది మొదటిదే.

సర్వనామముల గెలుపునకు మఱియొక హేతువు గలదు. ప్రాచీనాంగ్లమున 'వారికి' అనుటకును 'వానికి' అనుటకును 'హిమ్' అను నొక్కరూపమే వాడఁబడెను. ధ్వనులు మాఱినకొలఁది నిట్టి సందేహములు పెరిగెను. నార్సురూపములు దకారాదులగుటచే వచనభేదమును స్పష్టపఱచెను. అయినను వ్యాప్తి మెల్లమెల్లగ జరిగెను: 1400లో మరణించిన చాసరుకవి 'దే' యను ప్రథమారూపమును గైకొని, తక్కినచోట్లఁ బ్రాఁతరూపములనే వాడెను.

ధాతువులు సమానములై ప్రత్యయములు భిన్నములగుటచే, నుభయులు నొండొరుల మాట గ్రహించుటకై ప్రత్యయములను విడిచిరని కొందఱు చెప్పుదురు. పదాంతాచ్చులు క్షీణించుటయు నందులకుఁ గారణమే గావున నది యొక్కటియే హేతు వనరాదు. సర్వనామముల సాక్ష్య మింతకంటె దృఢము. పొరుగున నుండి, పెండ్లియాడి, బిడ్డలకు మాటలు నేర్పినవారివలనఁ గాని యట్టి పదములు భాషలో నిలువవు. వార్షికచరిత్ర మొక్క వాక్యమునఁ జెప్పి విడిచిన యా సహవాసమును ఈ మూఁడు పదములు నేఁటికిని జెప్పుచున్నవి.