లయొనెల్ షోరూమ్, న్యూయార్క్

అమెరికాలో బొమ్మ రైళ్లకు పేరుపడ్డ లయొనెల్ కార్పొరేషన్ న్యూయార్క్ నగరంలో నడిపిన ప్రదర్శనశాల లయొనెల్ షోరూమ్. ఇది మన్‌హట్టన్‌లోని మాడిసన్ స్క్వేర్ పార్కు దగ్గర, 15 ఈస్ట్ 26వ వీధి భవనంలో ఉండేది. దేశం నలుమూలల నుంచి వచ్చే దుకాణదారులు ఆ ఏటి కొత్త సరుకు చూసి ఆర్డర్లు ఇచ్చింది ఇక్కడే. క్రిస్మస్ దగ్గరపడేసరికి పిల్లలు పెద్దవాళ్లను వెంటబెట్టుకుని వచ్చేవారు. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు నుంచి 1960ల తొలినాళ్ల వరకు కంపెనీ ప్రతిష్ఠ అంతా ఈ గదిలోనే కనిపించేది.

అసలు ఈ కంపెనీ పుట్టిందే ఒక ప్రదర్శన వస్తువుతో. జాషువా లయొనెల్ కొవెన్, హ్యారీ గ్రాంట్ కలిసి 1900లో సంస్థను స్థాపించారు. మొదట తయారుచేసిన ‘ఎలక్ట్రిక్ ఎక్స్‌ప్రెస్’ పిల్లల కోసం చేసింది కాదు. బ్యాటరీతో గుండ్రంగా తిరిగే ఒక చిన్న బండి అది. దారిన పోయేవాళ్ల చూపు దుకాణం అద్దాల వైపు తిప్పడమే దాని పని. కార్ట్‌లాండ్ వీధిలోని ఒక వ్యాపారి దాన్ని కొని అద్దాల వెనక తిప్పితే, వచ్చినవాళ్లు లోపలి సరుకును వదిలేసి ఆ బండినే అడిగారని కంపెనీ చరిత్రల్లో చెబుతారు. 1902లో కంపెనీ కేటలాగు వచ్చింది. కదిలే వస్తువును కళ్ల ముందు నడిపి చూపిస్తే దాన్ని అమ్మడానికి వేరే మాటలు అక్కర్లేదన్న ఎరుక కొవెన్‌కు అప్పుడే కలిగి ఉండాలి. తర్వాత షోరూమ్‌కు పునాది అయినది ఆ ఎరుకే.

షోరూమ్‌లో చూడవలసింది అక్కడి పెద్ద లేఅవుట్. విశాలమైన బల్లల మీద కొండలు, సొరంగాలు, వంతెనలు, స్టేషన్లు కట్టి, వాటి మధ్య ఒకేసారి అనేక రైళ్లు నడిపేవారు. కొత్త సరుకు వచ్చినప్పుడల్లా పాతదాన్ని తీసి మళ్లీ కట్టేవారు. 1949లో కట్టినదీ, ‘సూపర్ ఓ’ పట్టాలు విడుదలైన 1957లో కట్టినదీ అభిమానులు ఇప్పటికీ ఎక్కువగా తలచుకుంటారు.

అంత చిక్కైన పట్టాల అల్లిక సాధ్యం కావడానికి కారణం లయొనెల్ 1906లో చేపట్టిన మూడు పట్టాల పద్ధతి. మధ్య పట్టా గుండా కరెంటు వచ్చి, బయటి రెండు పట్టాల గుండా తిరిగి వెళుతుంది. రెండు పట్టాల పద్ధతిలో రైలు ఒక చుట్టు తిరిగి తను వచ్చిన దారిలోకే చేరితే, ఎదురెదురు పట్టాలు కలిసి షార్ట్ సర్క్యూట్ అవుతుంది. దాన్ని తప్పించడానికి ప్రత్యేకమైన వైరింగ్ కావాలి. మూడు పట్టాల్లో బయటివి రెండూ ఒకటే కాబట్టి ఆ బాధ లేదు. పిల్లవాడు పట్టాలను ఎలా మెలితిప్పి కలిపినా రైలు నడుస్తుంది. బయటి పట్టాల్లో ఒక ముక్కను విడిగా ఉంచితే, చక్రాలు దాని మీదికి రాగానే సర్క్యూట్ పూర్తయి గేటు పడుతుంది లేదా సిగ్నల్ వెలుగుతుంది. నిజమైన రైలుకు మధ్య పట్టా ఎక్కడుందని ఆక్షేపించినవారు లేకపోలేదు. అయితే బొమ్మగా ఆలోచిస్తే ఇంతకన్నా తెలివైన ఏర్పాటు ఆ కాలంలో మరొకటి కనిపించదు.

పిల్లల్ని ఎక్కువసేపు కట్టిపడేసినవి మాత్రం రైళ్లకన్నా వాటి చుట్టూ పనిచేసే బొమ్మలే అనుకోవచ్చు. రైలు వస్తుంటే లాంతరుతో గుడిసెలోంచి బయటికొచ్చే గేట్‌మన్ 1935లో వచ్చాడు. బొగ్గును పైకెత్తి వ్యాగన్‌లో పోసే యంత్రం 1938 నాటిది. 1947లో వచ్చిన పాల వ్యాగన్‌లో మీట నొక్కగానే తెల్లబట్టల మనిషి తలుపు తెరిచి చిన్న చిన్న పాలక్యాన్లను ప్లాట్‌ఫారం మీదికి నెట్టేవాడు. ఇటువంటివి కేటలాగు బొమ్మల్లో ఎంత అందంగా ఉన్నా కదలిక చూస్తే తప్ప రుచి తెలియదు. అందుకే కంపెనీ సిద్ధంగా కట్టిన చిన్న లేఅవుట్లను దుకాణాలకు కూడా అందించేది.

1942లో యుద్ధం వల్ల బొమ్మల తయారీ ఆగి, కర్మాగారం నౌకాదళానికి దిక్సూచి వంటి పరికరాలు చేసింది. యుద్ధం ముగిశాక పొగ వదిలే ఇంజిన్లు, నాలుగు రైళ్లను ఒక్కచోటి నుంచి నడపగల జెడ్‌డబ్ల్యూ ట్రాన్స్‌ఫార్మర్ వచ్చాయి. 1950ల తొలి సగం లయొనెల్‌కు స్వర్ణయుగం.

దాపునే, 25వ వీధిలో ప్రత్యర్థి ఎ.సి. గిల్బర్ట్ కంపెనీ 1941లో ‘హాల్ ఆఫ్ సైన్స్’ తెరిచింది. 1908 లండన్ ఒలింపిక్స్‌లో పోల్ వాల్ట్ స్వర్ణం గెలిచిన గిల్బర్ట్, 1938లో అమెరికన్ ఫ్లయర్ రైళ్ల వ్యాపారాన్ని తీసుకున్నాడు. యుద్ధానంతరం రెండు పట్టాల ఎస్ గేజ్‌కు మారి, తమవే అసలైన రైళ్లలా ఉంటాయని ప్రచారం చేశాడు. ఊరి పిల్లలకు ఒకే షికారులో రెండు ప్రదర్శనలూ చూసే వీలుండేది. ఈ పోటీ రెండు కంపెనీల సరుకునూ మెరుగుపరిచింది.

1950ల చివరికి గిరాకీ పడిపోయింది. పిల్లల మనసు టీవీ మీదికి, చిన్న కార్ల మీదికి, రాకెట్ల మీదికి మళ్లింది. అంతకన్నా పెద్ద దెబ్బ అమ్మకం పద్ధతి మారడం: చవక ధరల దుకాణాలు పెట్టెలు పేర్చి అమ్మాయే కాని రైలు నడిపి చూపించలేదు. 1959లో కొవెన్ కుటుంబం వాటాలు అమ్ముకోగా కంపెనీ న్యాయవాది రాయ్ కోన్ బృందం చేతికి వెళ్లింది. కొన్నేళ్లకే షోరూమ్ మూతపడింది. కొవెన్ 1965లో మరణించాడు. 1967లో గిల్బర్ట్ కంపెనీ కూడా మూతపడి అమెరికన్ ఫ్లయర్ లయొనెల్‌కే దక్కింది.

1969లో లయొనెల్ రైళ్ల తయారీ జనరల్ మిల్స్ కంపెనీ చేతికి మారి, తర్వాత మిషిగన్‌కు తరలింది. అక్కడ సందర్శకుల కేంద్రంలో మళ్లీ ఒక పెద్ద లేఅవుట్ కట్టారు. ప్రస్తుతం సంస్థ కేంద్రం నార్త్ కరొలినాలోని కాంకర్డ్. 26వ వీధి లేఅవుట్లను పాత ఫొటోల ఆధారంగా, ఏ మలుపులో ఏ సిగ్నల్ ఉండేదో పోల్చుకుంటూ, అభిమానులు తమ ఇళ్లలో తిరిగి కడుతున్నారు. ఒకప్పుడు దుకాణాల కోసం చేసిన డిస్‌ప్లే లేఅవుట్లకు సేకర్తల్లో ఇప్పటికీ మంచి గిరాకీ ఉంది.