త్రైరాశికం నుంచి గొలుసు సూత్రానికి: తెలుగు గణిత పరిభాషలో 'గతి' చరిత్ర

వ్యాససంగ్రహం: సంయుక్త ప్రమేయాలను అవకలించడానికి వాడే గొలుసు సూత్రం పదిహేడో శతాబ్దపు యూరపులో రూపుదిద్దుకొన్నది. అయితే ఒక రేటును మరొక రేటుతో గుణించి మూడో రేటును రాబట్టే ఆలోచన తెలుగువారికి వ్యవహార గణితం ద్వారాను, సిద్ధాంత జ్యోతిషం ద్వారాను చాలా కాలంగా పరిచితం. ఆ రెండింటిలోను ఈ ఆలోచనకు ఆధారమైన మాట 'గతి' లేదా దానికి సమానమైన వ్యవహారం. ఆధునిక తెలుగు పాఠ్యపుస్తకం మాత్రం 'అవకలనం' అనే మాటను స్వీకరించింది. ఈ ఎంపిక వెనుక ఉన్న చరిత్రను, బోధనలో దాని పర్యవసానాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

ఉపోద్ఘాతం

తెలుగు శాఖకు చెందిన వ్యక్తి కలన గణితం గురించి వ్యాసం రాయడం కొంత విడ్డూరంగా తోచవచ్చు. కాని పరిభాష భాషాశాస్త్ర విషయం. దాని మంచిచెడ్డలు గణితశాస్త్రజ్ఞులు ఒక్కరే తేల్చవలసినవి కావు. ఇంటర్మీడియట్ రెండేళ్లలో తెలుగు మాధ్యమ విద్యార్థి అత్యధికంగా తడబడే చోట్లలో గొలుసు సూత్రం ఒకటని గణిత అధ్యాపకులు తరచు చెబుతుంటారు. ఎక్స్ వర్గానికి సైన్ విలువను అవకలించమంటే కొసైన్ రాసి ఆగిపోతారు. లోపలి ప్రమేయపు అవకలజం, అంటే రెండు ఎక్స్, రాయడం మరచిపోతారు. ఇది కేవలం మతిమరుపా, లేక మనం వాడే మాటల్లోనే ఆ 'లోపలిది' కనిపించకుండా పోతున్నదా అన్నది ఇక్కడి ప్రశ్న.

పేరు ఎక్కడిది?

లైబ్నిజ్ 1676 నాటి ఒక రాతప్రతిలో వర్గమూలం కింద ఉన్న బహుపదిని ఒకే రాశిగా భావించి, ముందు వర్గమూలాన్ని, తరువాత బహుపదిని అవకలించాడు. ఆ లెక్కలో ఒక గుర్తు తప్పు దొర్లింది కూడా. 1684లో ఆయన కలన గణితాన్ని ప్రచురించాడు. 1696లో లోపితాల్ రాసిన తొలి పాఠ్యపుస్తకంలో ఈ పద్ధతి పేరు లేకుండానే వాడుకలో ఉంది. లగ్రాంజ్ 1797 నాటి గ్రంథంలో ఇది స్పష్టమైన రూపం పొందింది.

ఇక 'గొలుసు' అన్న పేరు కలన గణితంలో పుట్టినది కాదు. యూరపు వర్తక గణితంలో ఒక నాణేన్ని రెండో నాణెంలోకి, దానిని మూడోదానిలోకి మార్చుకొంటూ పోయే లెక్కకు గొలుసు సూత్రమనే పేరుండేది. నాణేల మారకపు రేట్లు ఒకదాని పక్కన ఒకటి కొక్కెం వేసినట్లు కూర్చి గుణించడమే ఆ పద్ధతి. కలన గణితం ఆ పేరును అక్కడి నుంచి తెచ్చుకొన్నది.

మన వ్యవహార గణితంలో ఆ స్థానం త్రైరాశికానిది. మూడు తెలిసిన రాశుల నుంచి నాలుగోదానిని సాధించే ఈ పద్ధతికి పంచరాశికం, సప్తరాశికం, నవరాశికం అనే విస్తరణలున్నాయి. తొమ్మిదో శతాబ్దంలో మహావీరాచార్యుడు సంస్కృతంలో రచించిన గణితసారసంగ్రహంలో త్రైరాశికానికి ప్రత్యేక ప్రకరణముంది. ఆ గ్రంథాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. మల్లన కాలం పదకొండో శతాబ్దమని పలువురు పండితుల అభిప్రాయం. తెలుగులో శాస్త్రరచన ఆరంభదశలోనే రేట్లను గుణించే నేర్పు పద్యరూపంలో ప్రవేశించిందన్నది గమనార్హం. సాహిత్య చరిత్రకారులు మల్లనను 'తొలి శాస్త్రకవి' అన్న ఒక్క వాక్యంతో దాటవేయడం పరిపాటి అయింది. ఆయన పద్యాల్లోని భాషను గణిత పరిభాషగా చదివినవారు తక్కువ.

కొత్తవాడ కండె

త్రైరాశికానికీ గొలుసు సూత్రానికీ మధ్య ఉన్న దూరమెంతో ఒక మగ్గం ఇంట్లో స్పష్టంగా కనిపిస్తుంది. వరంగల్ కొత్తవాడ జంఖానాల నేతకు పేరుపొందిన పేట. వరంగల్ తివాచీలు 1851 లండన్ ప్రదర్శనకు వెళ్లాయి. వరంగల్ దర్రీలకు 2018లో భౌగోళిక గుర్తింపు లభించింది. మగ్గం ఉన్న ఇంట్లో పేక నూలును కండెకు చుట్టే చేతి రాట్నాన్ని గమనిద్దాం.

రాట్నపు పెద్ద చక్రం ఒకసారి తిరిగితే కదురు నలభై సార్లు తిరుగుతుందనుకొందాం. చక్రం సెకనుకు ఒక చుట్టు తిరుగుతున్నదనుకొందాం. అప్పుడు కదురు సెకనుకు నలభై చుట్లు తిరుగుతుంది. ఇంతవరకు శుద్ధ త్రైరాశికమే, ఎందుకంటే చక్రానికీ కదురుకూ ఉన్న నిష్పత్తి మారదు. ఇప్పుడు కండెకు ఎంత నూలు ఎక్కుతున్నది? కండె మందం ఒక సెంటీమీటరు ఉన్నప్పుడు ఒక చుట్టుకు సుమారు 3.14 సెంటీమీటర్ల నూలు పడుతుంది. అంటే సెకనుకు 126 సెంటీమీటర్లు. నూలు చుట్టుకొని కండె రెండు సెంటీమీటర్లకు లావెక్కాక అదే చెయ్యి అదే వేగంతో తిప్పినా సెకనుకు 251 సెంటీమీటర్లు పడుతుంది.

చక్రం నుంచి కదురుకు, కదురు నుంచి నూలుకు ఉన్న ఈ గొలుసులో మొదటి కొక్కెం స్థిరమైనది, రెండోది చుట్టుచుట్టుకూ మారుతున్నది. కాబట్టి మొత్తం పనికి ఒకే త్రైరాశికం చెల్లదు. అయితే ఏ ఒక్క క్షణాన్ని తీసుకొన్నా ఆ క్షణపు రేట్లను గుణిస్తే ఆ క్షణపు నూలు వేగం వస్తుంది. గొలుసు సూత్రం చెప్పేది ఇంతే. నిడివిగల కాలానికి చెల్లని త్రైరాశికం క్షణానికి చెల్లుతుంది.

ఇందులో ఒక చిక్కు కూడా ఉంది. చాలా పాత పాఠ్యపుస్తకాల్లో ఈ సూత్రానికి ఇచ్చిన నిరూపణ, మధ్య రాశిలోని మార్పుతో ఒకసారి గుణించి ఒకసారి భాగించడం. చెయ్యి ఆగి కదురు కదలని క్షణంలో ఆ మధ్య మార్పు సున్న అవుతుంది, సున్నతో భాగించకూడదు. నిరూపణ అక్కడ తెగుతుంది కాని ఫలితం తెగదు. కదురు కదలకపోతే నూలూ కదలదు, సున్న గతికి సున్న గతి. నేటి గణితం భాగహారాన్ని తప్పించి, ప్రమేయాన్ని ఆ బిందువు దగ్గర సరళరేఖతో పోల్చి, మిగిలిన దోషం ఇంకా త్వరగా సన్నగిల్లుతుందని చూపి ఈ లోటును పూరిస్తుంది. మన పాఠ్యపుస్తకాలు ఈ విషయాన్ని చెప్పీ చెప్పనట్టు వదిలేయడం సరి కాదు. విద్యార్థికి సందేహం రావలసిన చోటే అది.

చంద్రుని గతి

స్థిరమైన నిష్పత్తి నుంచి క్షణానికి చెందిన నిష్పత్తికి వెళ్లే ఈ అడుగును భారతీయ సిద్ధాంత జ్యోతిషం చంద్రుని విషయంలో వేసింది. చంద్రుని మధ్యమ గతి రోజుకు 790 కలల 35 వికలలు. కాని నిజానికి చంద్రుడు ఒక రోజు నెమ్మదిగా, మరొక రోజు వేగంగా నడుస్తాడు. మధ్యమ స్థానానికి చేసే సవరణ మందఫలం. అది కేంద్రం అనే కోణపు జ్యపై ఆధారపడుతుంది. చంద్రుని స్థానం నుంచి మందోచ్చాన్ని తీసివేస్తే కేంద్రం వస్తుంది. కాలాన్ని బట్టి కేంద్రం, కేంద్రాన్ని బట్టి జ్య, జ్యను బట్టి మందఫలం మారతాయి. ఇదే మూడు కొక్కేల గొలుసు.

స్ఫుటగతి కావాలంటే మందఫలం ఎంత వేగంగా మారుతున్నదో తెలియాలి. సూర్యసిద్ధాంతం దీనికి జ్యాపట్టికను వాడుతుంది. పట్టికలోని పక్కపక్క జ్యల తేడాను 225 కలలతో భాగించి, కేంద్రగతితో గుణించడం దాని పద్ధతి. 225 కలలకు ఇంత తేడా అయితే ఒక రోజు కేంద్రగతికి ఎంత అన్న ప్రశ్న ఇది, అంటే నిండు త్రైరాశికం. 932 నాటి లఘుమానసంలో మంజులుడు పట్టిక తేడా స్థానంలో కోటిజ్యను, అంటే కొసైన్‌ను, నిలిపాడు. 1150లో సిద్ధాంతశిరోమణి రచించిన రెండో భాస్కరుడు రోజువారీ గతిని, తాత్కాలిక గతిని వేరుచేసి, క్షణక్షణం మారే చంద్రునికి రెండోదే తగినదని వివరించాడు. కేరళలో నీలకంఠ సోమయాజి 1500 ప్రాంతపు తంత్రసంగ్రహంలో విలోమ జ్యతో కూడిన మరింత జటిలమైన గతిసూత్రాన్ని ఇచ్చాడు.

అంకెలు వేసి చూద్దాం. చంద్రుని మందోచ్చం రోజుకు 6 కలల 41 వికలలు కదులుతుంది కనుక కేంద్రగతి 783 కలల 54 వికలలు. భాస్కరుడు చంద్రునికి గ్రహించిన మందపరిధి 31 అంశల 36 కలలు. దానిని 360తో భాగిస్తే సుమారు 0.0878. ఉచ్చస్థానంలో కోటిజ్య పూర్ణ వ్యాసార్ధానికి సమానం, కాబట్టి గతిఫలం 0.0878ను 783.9తో గుణించగా వచ్చే 69 కలలు. చంద్రుని గతి అక్కడ 722 కలలకు తగ్గుతుంది, నీచస్థానంలో 859కి పెరుగుతుంది. సూర్యుని మధ్యమ గతి 59 కలలను తీసివేస్తే చంద్రసూర్యుల ఎడం రోజుకు 663 కలల నుంచి 800 కలల దాకా పెరుగుతుంది. తిథి అంటే 720 కలల ఎడం కనుక, తిథి పరిమాణం 65 ఘడియల నుంచి 54 ఘడియల వరకు మారాలి. తిథి అరవై ఘడియల మీద ఐదు పెరగవచ్చు, ఆరు తగ్గవచ్చు అని పంచాంగకర్తలు చెప్పుకొనే లెక్క సరిగ్గా ఇదే. ప్రతి ఉగాదికి ఇంటింటికీ వచ్చే పంచాంగంలో గొలుసు సూత్రపు ఫలితం ఇలా అచ్చై ఉంటున్నది.

తెలుగు నేలపై ఈ శాస్త్రం పఠనపాఠనాల్లో ఉన్నదనడానికి ఆధారాలున్నాయి. వేంగీ ప్రాంతపు మల్లికార్జున సూరి 1178 ప్రాంతంలో సూర్యసిద్ధాంతానికి తెలుగులోను, సంస్కృతంలోను వ్యాఖ్య రచించాడు. పదిహేనో శతాబ్దపు చివరి దశకాల్లో శ్రీశైల ప్రాంతీయుడైన యల్లయ సూర్యసిద్ధాంతానికి, ఆర్యభటీయానికి, లఘుమానసానికి వ్యాఖ్యలు రాశాడు. గతిసూత్రాన్ని తమ శిష్యులకు విప్పి చెప్పినవారు వీరు. కాబట్టి 'తాత్కాలిక గతి' అన్నది తెలుగు పండిత వర్గానికి పరాయి భావన కాదు.

అయితే ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. 'కలన గణితమంతా మనవారికి ముందే తెలుసు' అన్న నిర్ణయానికి ఈ ఆధారాలు చాలవు. భాస్కరుడు చేసినది జ్యకు సంబంధించిన గతిలెక్క. ఏ ప్రమేయానికైనా వర్తించే సాధారణ సూత్రం ఆయన ఉద్దేశం కాదు, ప్రమేయమన్న సాధారణ భావనే అప్పటికి ఎక్కడా లేదు. ఒక ప్రత్యేక సందర్భంలో సరైన ఫలితం, దానికి తగిన వివరణ ఉన్నాయి. అది చిన్న విషయమేమీ కాదు, దానిని పెద్దది చేసి చూపవలసిన పని లేదు.

'అవకలనం' అనే మాట

నిజాం రాజ్యంలో 1918లో ఉర్దూ మాధ్యమంతో ఉస్మానియా విశ్వవిద్యాలయం వెలసింది. దానికి పాఠ్యగ్రంథాలు అందించేందుకు దారుల్ తర్జుమా అనే అనువాద సంస్థ 1917లోనే ఏర్పడింది. వరంగల్ విద్యార్థి ఆ విశ్వవిద్యాలయంలో చదివితే ఉన్నత గణితం ఉర్దూలోనే అందేది. అవకలన గణితాన్ని ఉర్దూలో తఫర్రుఖీ ఇహ్సా అంటారు. తేడా, విడదీత అన్న అర్థం అందులో ఉంది. 1961లో ఏర్పడిన కేంద్ర శాస్త్ర సాంకేతిక పదావళి సంఘం హిందీకి సంస్కృతజన్య పదాలను స్థిరపరచింది. 1968లో పి.వి. నరసింహారావు తొలి అధ్యక్షుడుగా తెలుగు అకాడమి ఏర్పడి కళాశాల పాఠ్యపుస్తకాలు తెలుగులో తెచ్చింది. అవధి, అవిచ్ఛిన్నత, అవకలజం, సంయుక్త ప్రమేయం వంటి మాటలు అలా తరగతి గదికి వచ్చాయి. హిందీతో పంచుకొన్న మాట అవకలజం. ఫంక్షన్‌కు హిందీ ఫలన్ అనగా, తెలుగు న్యాయశాస్త్రం నుంచి ప్రమేయాన్ని తీసుకొన్నది. 'ఈ గొడవలో నా ప్రమేయం లేదు' అనే జనవ్యవహారం విద్యార్థి చెవిలో ఉండనే ఉంటుంది, అది వేరే సంగతి.

అవకలనం అనే మాటకు దగ్గరి చుట్టం వ్యవకలనం, అంటే తీసివేత. సంకలిత వ్యవకలితాలు ప్రాచీన గణిత గ్రంథాల్లో కూడికకు, తీసివేతకు పేర్లు. లైబ్నిజ్ వాడిన లాటిన్ మాటకు కూడా తేడా అనే అర్థం, ఆయన గుర్తులోని 'డీ' దాని మొదటి అక్షరం. న్యూటన్ మాట వేరు. ఆయన మారే రాశులను ప్రవహించేవిగా ఊహించి వాటి ప్రవాహవేగానికి పేరు పెట్టాడు. దానికి తెలుగులో సహజమైన మాట గతి, అదే భాస్కరుడి మాట. ఆధునిక తెలుగు పరిభాష తెలిసో తెలియకో లైబ్నిజ్ పక్షం వహించింది, తనకు వారసత్వంగా ఉన్న గతిని భౌతికశాస్త్రానికి వదిలేసింది.

తేడాకు ఆ రాశి యూనిట్ ఒక్కటే ఉంటుంది, గతికి 'ఇంతకు ఇంత' అన్న జంట యూనిట్ ఉంటుంది. గతి అనగానే 'దేనికి ఎంత' అని అడగవలసి వస్తుంది. అవకలనం అనే మాటలో ఆ 'దేనికి' వినిపించదు. డీవై బై డీఎక్స్ అని ఉచ్చరించినప్పుడు వినిపిస్తుంది కాని, అది మాట కాదు గుర్తు. స్థిరపడిన మాటను తొలగించి కొత్తది పెట్టాలని ఈ వ్యాసం ప్రతిపాదించడం లేదు. ఐదు దశాబ్దాల పాఠ్యపుస్తకాలు, ప్రశ్నపత్రాలు దాని మీద నిలిచి ఉన్నాయి. సూత్రాన్ని పరిచయం చేసే పేరాలో 'బయటి గతి, లోపలి గతి' అన్న మాటలకు చోటిస్తే చాలు.

సైన్ ఉదాహరణకే తిరిగి వద్దాం. విద్యార్థి లోపలి అవకలజాన్ని మరచిపోవడమంటే సిద్ధాంతి కేంద్రగతిని మరచిపోవడంతో సమానం. అప్పుడు గతిఫలంగా మిగిలేది 69 కలలు కాదు, 0.0878 అన్న వట్టి అంకె. రోజుకు ఎన్ని కలలు అన్న ప్రశ్నకు అందులో జవాబు లేదు. పంచాంగం రాసేవాడికి ఆ పొరపాటు వెంటనే తెలిసిపోతుంది, ఎందుకంటే ఆ అంకెతో తిథి లెక్క ముందుకు సాగదు. కండె చుట్టేవారికీ తెలుస్తుంది, చుట్టుకు మూడు సెంటీమీటర్లన్న మాట సెకనుకు ఎంత నూలో చెప్పదు. పరీక్షపత్రంలో మాత్రం కొసైన్ ఎక్స్ వర్గం అన్న జవాబు చూపులకు నిండుగానే ఉంటుంది, రాసిన విద్యార్థికి అందులో ఏదో తక్కువైందన్న అనుమానం రాదు.